ఫోలీ బెలూన్ (కాన్పు మొదలుపెట్టించేందుకు గర్భాశయ ముఖద్వారంలో పెట్టి ఉబ్బించే గొట్టం) జారి వచ్చాక నేరుగా ఆక్సిటోసిన్ (నొప్పులు తెప్పించే మందు) పెట్టాలా?

నెలలు నిండిన తొలి కాన్పు, తల కిందికే ఉన్న ఒకే బిడ్డ, పాత సిజేరియన్ లేదు, బిషప్ స్కోరు (ముఖద్వారం కాన్పుకు ఎంత సిద్ధమైందో చెప్పే లెక్క) 3, అంటే ఇంకా సిద్ధం కాలేదు. ఇలాంటప్పుడు 60 మి.లీ. సెలైన్ నింపిన ఫోలీ 12 గంటల్లోపే జారి వచ్చినా, గర్భాశయ ముఖద్వారం 3 సెం.మీ. తెరుచుకుని మందంగా, వెనకవైపే ఉండిపోతే ఏం చేస్తున్నారు? ఆ 3 సెం.మీ. బెలూన్ సాగదీసినది, మెత్తబడి వచ్చింది కాదు. దాన్ని నమ్మి ఆక్సిటోసిన్ పెడితే గంటలు గడిచినా కాన్పు ముందుకు సాగదేమోనని భయం.

ముఖద్వారాన్ని మెత్తబరిచే మందు మిసోప్రోస్టాల్ 25 మైక్రోగ్రాములు నోటి ద్వారా 2 గంటలకోసారి ఇవ్వడం మేలా? (200 మైక్రోగ్రాముల మాత్రను ముక్కలు చేస్తే మోతాదు సమంగా రాదు, 200 మి.లీ. నీటిలో కరిగించి, ప్రతిసారీ బాగా కలిపి 25 మి.లీ. ఇవ్వాలి.) ఆఖరి మోతాదు తర్వాత 4 గంటలు ఆగాకే ఆక్సిటోసిన్ కాబట్టి ఆలస్యం తప్పదు. తల ఇంకా పైనే ఉంటే బొడ్డుతాడు జారే ప్రమాదం ఉంది కదా, ఉమ్మనీటి సంచిని ఎప్పుడు చిట్లిస్తున్నారు?