కూరకాయ కూరగాయ ఎందుకయింది?

ప్రశ్న: రెండు మాటలు జతకట్టే ద్వంద్వ సమాసంలో రెండో మాట మొదటి పరుషాలకు (క చ ట త ప) గసడదవలు వస్తాయని బళ్ళో బట్టీ పట్టాం. సూత్రం సరే, అసలు నోరు క ను గ చేయడమెందుకో ఎవరైనా చెప్పండి.

జవాబు: క పలికినా గ పలికినా నాలుక చేసే పని ఒకటే, తేడా అంతా కింద స్వరపేటికలో. స్వరతంత్రులంటాం గానీ అవి తీగలు కావు, ఎదురెదురుగా ఉన్న రెండు మెత్తటి మడతలు. వాటిని దగ్గరికి చేర్చడం వరకే కండరాల పని, అక్కణ్ణుంచి అంతా గాలిదే. ఊపిరితిత్తుల గాలి కింద నుంచి తోస్తే ముందు కింది అంచులు విడతాయి, తర్వాత పై అంచులు, కాస్త గాలి జారిపోగానే సందులో ఒత్తిడి తగ్గి, సాగిన మడతలు తమ బిగువుకొద్దీ మళ్ళీ మూసుకుంటాయి, అప్పుడూ కింది అంచులే ముందు. మగగొంతులో ఇది సెకనుకు సుమారు 100–120 సార్లు, ఆడగొంతులో 200 దాకా. పసిపిల్లలు పెదాలు బుర్రుమనిపిస్తారే, అదే పద్ధతి. ఒక్కో అదురుకూ మెదడు విడిగా సంకేతం పంపుతుందని 1950లో ఫ్రాన్స్‌లో హుసాన్ అనే పరిశోధకుడు వాదించాడు గానీ నిలవలేదు. గాలీ, మడతల సాగుడూ చాలని 1958లో వాన్ డెన్ బర్గ్ అనే మరో పరిశోధకుడు వివరించాడు.

ఇక మన సంగతి. అచ్చులన్నీ ఈ అదురుతోనే పలుకుతాయి. "కూర" చివరి అకారానికీ "కాయ"లోని ఆకారానికీ మధ్య ఒక్క క కోసం మడతల్ని విడదీసి, అదురు ఆపి, మళ్ళీ చేర్చాలి. గబగబా మాట్లాడేవాడికి అంత తీరికేది? ఆపకుండా వదిలేస్తే అదే గ. అన్నదమ్ములు, తల్లిదండ్రులు కూడా అంతే.

కావాలంటే గొంతు మీద వేలు పెట్టి "విజయవాడ" అని సాగదీయండి, వి నుంచి డ దాకా అదురు ఎక్కడా తెగదు. "గుంటూరు" అనండి, ట దగ్గర టక్కున ఆగుతుంది. (నాదీ గుంటూరే, పోట్లాటకు రాకండి.)

ఇంకొకరు: బావుంది గానీ, చ కి స వస్తుందే! స లో అదురేదండీ?

జవాబు: పట్టేశారు. నా లెక్క ప్రకారమైతే జ రావాలి, పరుషాలు గజడదబలయ్యే సరళసంధిలో వచ్చేది అదే. ఇక్కడ సడలింది గొంతు కాదు, నాలుక: చ కోసం గాలిని పూర్తిగా మూయకుండా సందు వదిలింది, అది స అయింది. ప వ అయినచోట మాత్రం రెండూ జరిగాయి, పెదాలూ పూర్తిగా మూసుకోలేదు, గొంతులో అదురూ ఆగలేదు.