యూత్ ఫెస్ట్‌లో హెచ్ఐవీ టెస్టు టెంటు: ఉండాలా, వద్దా?

మూడోబెంచి (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న ఆదివారం ఒక యూత్ ఫెస్ట్‌లో వాలంటీర్‌గా పనిచేశాను. ఒక పక్క బ్యాండ్, ఇంకో పక్క డాన్స్ పోటీ, రెంటికీ మధ్య ఒక తెల్ల టెంటు. లోపల హెచ్ఐవీ టెస్టు ఫ్రీ. వేలికొన మీద చిన్న గుచ్చు, ఇరవై నిమిషాల్లో రిజల్టు. బయట లైను చూసుకోవడం నా డ్యూటీ.

సాయంత్రం నలుగురు ఫ్రెండ్స్ కలిసి వచ్చారు. అందులో ఒకడికి ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. "భయమేంట్రా? ఏం చేశావేంటి?" అని మిగతా ముగ్గురూ ఆటపట్టించేసరికి నవ్వుతూనే లోపలికెళ్లాడు. కాసేపటికి ముగ్గురు బయటికొచ్చి, "నేను టెస్ట్ చేయించుకున్నా" అని రాసున్న బ్యాడ్జీలు పెట్టుకుని సెల్ఫీ దిగారు. నాలుగోవాడు రాలేదు. పది నిమిషాలు, ఇరవై, అరగంట. ముగ్గురి నవ్వులూ ఆగిపోయాయి. లైన్లో ఉన్నవాళ్లూ కర్టెన్ వైపే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు కానీ, అందరూ ఏదో ఒకటి అనుకున్నారు.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి చోట అవగాహన కార్యక్రమాలు పెట్టండి, కండోమ్‌లు పంచండి, నాటికలు వేయండి. టెస్టు మాత్రం వద్దు అంటాను. టెస్టుకి సమ్మతి, గోప్యత తప్పనిసరి అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. ఫ్రెండ్స్ ఎగతాళికి తలొగ్గి లోపలికెళ్లడం సమ్మతి ఎలా అవుతుంది? అరగంట కర్టెన్ కదలకపోతే ఇక గోప్యత ఏముంది?

నైట్‌షిఫ్ట్

ఒప్పుకోను బ్రదర్. నేను మొదటిసారి టెస్ట్ చేయించుకున్నది అలాంటి టెంటులోనే. అంతకుముందు రెండేళ్లు ఆస్పత్రికి వెళ్దామని అనుకుంటూనే ఉన్నాను. ఒకసారి గేటు దాకా వెళ్లాను కూడా. కౌంటర్ దగ్గర ఆవిడ అద్దం వెనకనుంచి గట్టిగా "ఏం టెస్టు?" అంది. నా వెనక పదిమంది. "షుగర్ టెస్టు" అని చెప్పి, నిజంగానే షుగర్ టెస్టు చేయించుకుని వచ్చేశాను! (షుగర్ నార్మల్.)

మీరు టెంటులో గోప్యత లేదంటున్నారు. ఆస్పత్రిలో ఉందని ఎవరు చెప్పారు? అక్కడ లైన్లో నిలబడితే ఎందుకొచ్చామో అందరికీ తెలుస్తుంది. ఫెస్ట్‌లో అందరూ వెళ్తున్నారు కాబట్టి నేనూ వెళ్లాను. ఆ గుంపే నన్ను దాచింది.

యూఎన్ ఎయిడ్స్ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో సుమారు 4 కోట్ల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు. తమకు ఉందని తెలిసినవాళ్లు 86 శాతమే. అంటే ఏడుగురిలో ఒకరికి తెలియదు. వాళ్లు తమంతట తాము క్లినిక్ తలుపు తట్టే రకమైతే ఈపాటికి తట్టేవాళ్లు కదా.

పాతకాపు

ఇద్దరూ సెన్సిటివ్‌గా మాట్లాడుతున్నారు, బాగుంది. నాది కాస్త మోటు ప్రశ్న. ఈ టెంట్ల వల్ల దొరికేదెవరు?

నేను ఇలాంటివి చాలా చూశాను. డిసెంబర్ 1, ఎయిడ్స్ దినం వచ్చిందంటే బ్యానర్, ఎర్ర రిబ్బన్, అతిథి, ఫోటో. డిసెంబర్ 2న అందరూ మర్చిపోతారు. "ఇన్ని వందల టెస్టులు చేశాం" అని రిపోర్టు వెళ్తుంది. ఆ వందల్లో సగం మంది టీషర్టు కోసం వచ్చినవాళ్లు. ఒక కుర్రాడు ఒకే రోజు రెండుసార్లు చేయించుకోవడం నా కళ్లారా చూశాను, తమ్ముడికి కూడా టీషర్టు కావాలట!

ప్రపంచం మొత్తం మీద చూస్తే కొత్తగా సోకే కేసుల్లో సగానికి పైగా సెక్స్ వర్కర్లు, పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్ వ్యక్తులు, సూదితో డ్రగ్స్ తీసుకునేవాళ్లు, వీళ్ల భాగస్వాముల్లోనే ఉంటున్నాయి. వాళ్లు వెలుతురూ మైకూ ఉన్న చోటికి వచ్చి లైన్లో నిలబడతారా? ఏ ప్రమాదమూ లేనివాళ్లని వెయ్యిమందిని పరీక్షించి సంబరపడటం ఎందుకు?

నైట్‌షిఫ్ట్

@పాతకాపు, ఎవరికి ప్రమాదం ఉందో మొహం చూసి చెప్పగలరా? నా మొహం చూసి చెప్పగలిగేవారా?

ఇంకో మాట. ఫోటోని అంత తీసిపారేయకండి. 1987లో లండన్‌లో ఒక ఎయిడ్స్ వార్డు ప్రారంభానికి వెళ్లిన యువరాణి డయానా, గ్లౌజులు లేకుండా ఒక పేషెంటుతో చేయి కలిపింది. అదీ ఫోటో కోసం పెట్టిన కార్యక్రమమే. ముట్టుకుంటే అంటుకుంటుందని జనం వణికిపోతున్న రోజులవి. అదే ఏడాది బ్రిటన్‌లో ఇంటింటికీ కరపత్రం పంచారు, ఆస్ట్రేలియాలో మృత్యుదేవత మనుషుల్ని బౌలింగ్ బంతితో పడగొట్టే ప్రకటన టీవీలో వేశారు. భయం బాగానే పుట్టింది. ఆ భయం పోవడానికి మాత్రం ఒక కరచాలనం కావాల్సి వచ్చింది.

ల్యాబ్‌కోటు

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇలాంటి క్యాంపుల్లో చాలాసార్లు కూర్చున్నాను. ఈ చర్చలో అసలు టెస్టు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను.

మొదటిది. టెంటులో కిట్ మీద రెండో గీత పడితే దాన్ని "రియాక్టివ్" అంటాం. "పాజిటివ్" అనం. ఎందుకో చిన్న లెక్క. వెయ్యిమందిలో ఒక్కరికే వైరస్ ఉన్న గుంపు అనుకోండి. వైరస్ లేని వెయ్యిమందిని పరీక్షిస్తే ఐదుగురికి పొరపాటున గీత చూపే కిట్ అనుకోండి. ఆ గుంపులో వెయ్యిమందికి టెస్టు చేస్తే సుమారు ఆరుగురికి గీత పడుతుంది. నిజంగా వైరస్ ఉన్నది ఒక్కరికే! కిట్ చెడ్డదేం కాదు, గుంపు అలాంటిది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి మూడు వేర్వేరు టెస్టుల్లో వరుసగా రియాక్టివ్ వస్తేనే పాజిటివ్ అని చెప్పమంటోంది. టెంటులో మొదటి గీత చూసి "సారీ బాబూ" అన్నవాడిని మళ్లీ ఆ కుర్చీలో కూర్చోనివ్వకూడదు.

రెండోది నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. ఒకసారి ఒకబ్బాయి వచ్చాడు. వేలు గుచ్చుతుంటే చేయి వణుకుతోంది. ఎందుకంత కంగారని అడిగితే, "నిన్న రాత్రి కండోమ్ చినిగిపోయిందండీ" అన్నాడు. నిన్న రాత్రి! ఈ రోజు చేసే టెస్టులో నిన్నటి సంగతి ఎలా తెలుస్తుంది? వేలి రక్తంతో చేసే యాంటీబాడీ టెస్టుకి (వైరస్‌కి ప్రతిగా ఒంట్లో తయారయ్యేవాటిని వెతికేది) మూడు నెలలు దాటితేగానీ పూర్తి భరోసా ఉండదు. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసి వైరస్ ముక్కనీ (యాంటీజెన్), యాంటీబాడీనీ రెంటినీ వెతికే టెస్టుకి కూడా 45 రోజులు కావాలి. ఆ అబ్బాయికి ఒక్క గీతే వచ్చేది. "హమ్మయ్య" అనుకుని డాన్సుకి వెళ్లిపోయేవాడు. ఆ రోజు అతనికి నిజంగా కావాల్సింది పెప్ మందులు, అంటే వైరస్ తగిలి ఉండొచ్చన్న అనుమానం వచ్చాక అది సోకకుండా వాడేవి. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. ఆ రోజు మా కౌన్సెలర్ స్టేజీ మీద క్విజ్ నడిపిస్తోంది. పిలిపించి, ఆమెతోనే ఆ అబ్బాయిని ఆస్పత్రికి పంపించాం. లైనులో ఉన్నవాళ్లు గంటసేపు తిట్టుకున్నారు.

మూడోది మూడోబెంచి గారికి. మీ టెంటువాళ్లకి పని తెలియదు. మేం ఒకరికైనా వందమందికైనా రిజల్టు ఏదైనా సరే లోపల ఒకే టైమ్ కూర్చోబెడతాం. ముందు మాట్లాడటం, గుచ్చడం, మళ్లీ మాట్లాడటం, మొత్తం నలభై నిమిషాలు. రిజల్టు కాగితాలు అన్నీ ఒకే రంగు కవర్లో. ఫ్రెండ్స్ కలిసి వస్తే విడదీసి పిలుస్తాం. లోపల విడిగా కూర్చున్నాక, "మీకు ఇష్టం లేకపోతే టెస్టు చేయను, ఇక్కడే కాసేపు కూర్చుని వెళ్లండి, బయట ఎవరికీ తెలియదు" అని చెబుతాం. అలా టెస్టు చేయించుకోకుండానే వెళ్లినవాళ్లకీ అదే బ్యాడ్జీ ఇస్తాం.

మూడోబెంచి

ఆ చివరి మాట నాకు తట్టనే లేదు. టెస్టు చేయించుకోనివాళ్లకీ బ్యాడ్జీ. మొన్న అది చేసి ఉంటే సగం గొడవ ఉండేదే కాదు.

అయినా ఒక సందేహం. మనిషికి నలభై నిమిషాలంటే రోజుకి ఎంతమందికి చేయగలరు? నిర్వాహకులకి నంబరు కావాలి కదా.

ల్యాబ్‌కోటు

కావాలి. ఇవ్వం. అందుకే మమ్మల్ని రెండోసారి పిలవని చోట్లు చాలానే ఉన్నాయి.

సగంచదివినోడు

ఇంత గొడవెందుకండీ? సెల్ఫ్ టెస్ట్ కిట్ ఉంది కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే దాన్ని సిఫారసు చేసింది. ఫెస్ట్‌లో టెంటు తీసేసి కిట్లు పంచండి. ఇంటికెళ్లి గది తలుపేసుకుని చేసుకుంటారు. గోప్యత గోప్యతే, నంబరు నంబరే. పాము చావకుండా కర్ర విరగకుండా పనైపోతుంది.

ఉదయంమాత్ర

ఇంతవరకు చదువుతూ కూర్చున్నాను. రాయకూడదనుకున్నాను కానీ ఈ "గది తలుపేసుకుని" అన్న మాట దగ్గర ఆగలేకపోయాను.

నాకు హెచ్ఐవీ ఉంది. ఇరవైనాలుగేళ్ల వయసులో ఇలాంటి ఒక టెంటులోనే తెలిసింది. లోపల ఎవరూ నన్ను అవమానించలేదు. కౌన్సెలర్ మంచావిడే, నీళ్లు ఇచ్చింది. "ఇంకా కన్ఫర్మ్ కాలేదు, ఈ చీటీ తీసుకుని ఫలానా ఆస్పత్రికి వెళ్లండి" అంది. ఆదివారం సాయంత్రం ఆరున్నర. బయట ఎవరో పాడుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. చీటీలోని క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సోమవారం సెలవు. మంగళవారం దాకా ఆ చీటీ, నేను. ఆ రెండు రాత్రుల గురించి ఇక్కడ రాయను.

మీరంతా టెంటు లోపల ఏం జరగాలో మాట్లాడుకుంటున్నారు. నన్నడిగితే టెంటు ఉండాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. గీత పడినవాడికి ఆ రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తేది ఎవరు? దానికి జవాబుంటే ఫెస్ట్‌లో పెట్టండి, బస్టాండులో పెట్టండి, కిట్లు ఇంటికే పంపండి. జవాబు లేకపోతే ఎక్కడా పెట్టకండి. మంగళవారం ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్న ఒకాయన తన నంబరిచ్చాడు. ఆయన కూడా పాజిటివే, అక్కడ వాలంటీర్. "ఎప్పుడైనా చేయి, మాట్లాడాలనిపించకపోతే మిస్డ్ కాల్ ఇవ్వు, నేనే చేస్తాను" అన్నాడు. నేను మందులు మొదలుపెట్టింది ఆయన వల్లే.

ఇంకొకటి. మొన్న ఒక కాలేజీ కార్యక్రమంలో స్టేజీ మీద క్విజ్ పెట్టారు. "హెచ్ఐవీ వస్తే ఏమవుతుంది?" అని యాంకర్ అడిగింది. ఒకడు "పోతాం" అన్నాడు. అందరూ నవ్వారు. యాంకర్ కూడా నవ్వి, "కరెక్ట్, అందుకే జాగ్రత్తగా ఉండాలి" అని గిఫ్ట్ ఇచ్చింది. నేను నాలుగో వరసలో ఉన్నాను. రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకుంటాను. నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, టెస్టులో కనిపించనంత తక్కువకి వచ్చి ఏళ్లయింది. అలా ఉన్నవాళ్ల నుంచి సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. పార్ట్‌నర్ అనే అధ్యయనం 2016లో ఒకసారి, 2019లో ఒకసారి ఫలితాలు ప్రచురించింది. ఒకరికి హెచ్ఐవీ ఉండి ఒకరికి లేని జంటలు, కండోమ్ లేకుండా వేల సార్లు కలిసినా, మందులతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. ఇది ఆ స్టేజీ మీద ఎవరూ చెప్పరు. "పోతాం" అని విన్నవాడు టెస్టు టెంటులోకి ఎందుకు వస్తాడు? పోతామని తెలుసుకోవడానికా?

సగంచదివినోడు

క్షమించండి. తలుపేసుకుని అన్నది నేను వేరే అర్థంలో అన్నాను. కానీ మీరు చెప్పింది అర్థమైంది.

పాతకాపు

@ఉదయంమాత్ర గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. టీషర్టు గురించి నేనన్న మాట వెనక్కి తీసుకోను, అది నిజం. "దొరికేదెవరు" అన్న మాట మాత్రం తీసుకుంటున్నాను. మనుషుల్ని దొరకబట్టడం ఏంటి, నా బొంద.

పెద్ద మైకుల ఫెస్ట్ కన్నా మీకు నంబరిచ్చిన ఆయన లాంటివాళ్లే నలుగురు చాలని ఇప్పటికీ అనుకుంటున్నాను. తన స్నేహితుల్ని తానే టెస్టుకి తీసుకొచ్చే పద్ధతి. బ్యానర్ అక్కర్లేదు.

ఉదయంమాత్ర

రెండూ ఉండనివ్వండి. ఆయన్ని నేను ఎక్కడ కలుసుకునేదాన్ని, ఆ టెంటులో చీటీ ఇవ్వకపోతే?

నైట్‌షిఫ్ట్

ప్రెప్ గురించి కూడా ఎక్కడా చెప్పట్లేదు, గమనించారా? సోకకముందే వేసుకునే మాత్ర అది. అమెరికాలో 2012లోనే అనుమతి వచ్చింది. నేను నెగెటివ్ అని తెలిశాక బ్యాడ్జీ ఇచ్చి పంపేశారు. నెగెటివ్ వచ్చినవాడితోనే కదా నివారణ గురించి మాట్లాడాల్సింది.

ల్యాబ్‌కోటు

ఆ నలభై నిమిషాల్లో సగం దానికే.

మూడోబెంచి

వచ్చే వారం నిర్వాహకుల మీటింగ్ ఉంది. టెంటు తీసేయమని అడుగుదామనుకున్నాను. ఇప్పుడు అడగను. ఆదివారం కాకుండా మర్నాడు క్లినిక్ తెరిచి ఉండే రోజు పెట్టమంటాను. ఆ రాత్రి ఫోన్ దగ్గర ఎవరుంటారో పేరు, నంబరు చీటీ మీద రాసి ఇవ్వమంటాను. బ్యాడ్జీ అందరికీ. పెప్ ఎక్కడ దొరుకుతుందో బయటే పెద్ద అక్షరాలతో బోర్డు. ఇవి కుదరదంటే అప్పుడు టెంటు వద్దంటాను.

సగంచదివినోడు

ఇంతకీ ఆ నాలుగో అబ్బాయికి ఏం వచ్చిందండీ?

మూడోబెంచి

తెలియదు. నేనూ ఆగలేక కౌన్సెలర్‌ని అడిగాను. "నీకెందుకు?" అంది.

ల్యాబ్‌కోటు

రక్తం చూసి కళ్లు తిరిగినవాళ్లని కూడా మేం అరగంట పడుకోబెడతాం.