పాపను తిరిగి ఇమ్మని కన్నతల్లి కోర్టుకెళ్లింది, మేమేం చేయాలి?

మా దగ్గర ఫోస్టర్ కేర్‌లో (కన్నవాళ్లు చూసుకోలేని పిల్లల్ని కొంతకాలం వేరే కుటుంబం పెంచడం) 4 ఏళ్ల పాప ఉంది. వచ్చి 20 నెలలైంది. పాపను మా దగ్గర ఉంచడం చెల్లదని, తనకే అప్పగించాలని కన్నతల్లి పిటిషన్ వేసింది. ఆమె మీద నాకు కోపం లేదు. వ్యసనం నుంచి బయటపడటానికి ఎంత కష్టపడిందో చూశాను. కానీ పాప నా చూపుడు వేలు గుప్పిట్లో పట్టుకుంటేగానీ నిద్రపోదు. తల్లిని కలిసొచ్చిన రోజు బూట్లు విప్పనివ్వదు, తలుపు దగ్గరే కూర్చుంటుంది. ఆ రోజులంటేనే టెన్షన్.

మేం కేసులో కక్షిదారులం కాదట. మమ్మల్నీ చేర్చమని అడగడం మంచిదా, లేక తల్లితో పోటీకి దిగినట్టు కనిపిస్తుందా? పాప నిద్ర, తిండి, ప్రవర్తన తేదీలతో సహా రాసి పెడుతున్నాను. అది నేరుగా జడ్జికి ఇవ్వొచ్చా, సోషల్ వర్కర్ ద్వారానే పంపాలా?

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 3వ అధికరణం బిడ్డ మేలుకే ప్రాధాన్యం ఇవ్వాలంటోంది, 12వది పిల్లల మాట వినాలంటోంది. ఇంత చిన్నపిల్ల మాట ఎవరు, ఎలా వింటారు?

ఇది దాటొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. బిడ్డ తిరిగి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి ఏ మాటలతో చెప్పారు? వచ్చే నెలే విచారణ.