టరాంటులాను చేతిలోకి తీసుకోవచ్చా, కూడదా?

ఎనిమిదడుగులు:
నా దగ్గర కర్లీ హెయిర్ జాతి ఆడ టరాంటులా (ఒళ్ళంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు) ఉంది. మూడేళ్ళ నుంచి పెంచుతున్నాను. ఈమధ్య రెండు నెలలుగా వారానికోసారి చేతి మీదికి ఎక్కించుకుంటున్నాను. మొదట్లో బ్రష్ తగిలితే చాలు, వెనక్కి తిరిగి పొట్ట మీది దురద నూగు విదిలించేది. ఇప్పుడు మెల్లగా నడిచొచ్చి అరచేతిలో కదలకుండా కూర్చుంటుంది. నన్ను గుర్తుపడుతోందనే నా నమ్మకం. నిన్న నాలాగే సాలీళ్ళు పెంచే ఒకరు చూసి, "నువ్వు దాన్ని హింసిస్తున్నావు" అన్నారు. రాత్రంతా అదే ఆలోచన. నిజంగా అది హింసేనా?

నేలగూడు:
హింస అనే మాట నేను అనను. కానీ తీసుకోవద్దనే చెప్తాను. చాలామంది కాటు గురించి టెన్షన్ పడతారు, అసలు భయపడాల్సింది అది పడిపోవడం గురించి.

నా మొదటి సాలీడు చిలియన్ రోజ్. చాలా నెమ్మదస్తురాలు. జాగ్రత్తగా నేల మీద కూర్చునే చేతిలోకి తీసుకునేదాన్ని. ఒకరోజు గాలికి తలుపు ధడాలున కొట్టుకుంది. అది ఒక్క ఉదుటున మోచేతి దాకా పరిగెత్తి జారి పడింది. మోకాలెత్తు కూడా ఉండదు. పొట్టకి ఒక పక్కన సన్నటి చీలిక, అందులోంచి లేత నీలం ద్రవం ఊరుతోంది. వాటి నెత్తురు అంతే, రాగి ఉండే హీమోసయనిన్ వల్ల ఆ రంగు. మొక్కజొన్న పిండి అద్దాను, ఆగలేదు. కాళ్ళు ఒక్కొక్కటిగా లోపలికి ముడుచుకుపోయాయి. సాలీడు కాళ్ళలో ముఖ్యమైన కీళ్ళ దగ్గర ముడవడానికి కండరాలుంటాయి గానీ చాచడానికి ఉండవు. నెత్తురు ఒత్తిడితోనే చాస్తుంది. ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు. తెలిసి కూడా దాన్ని అంత ఎత్తున పెట్టుకున్నాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పాతకాపు:
మీకు జరిగింది విని మనసు కలుక్కుమంది. అయినా "ఎప్పుడూ వద్దు" అనే మాటతో నేను ఏకీభవించను. పెట్టె మార్చాల్సి వస్తుంది, ఒక్కోసారి తప్పించుకుని గోడ ఎక్కుతుంది. మనిషి చెయ్యి అంటేనే బెదిరిపోయే సాలీడుకి ఆ సమయంలో ఎక్కువ ప్రమాదం. నాకు తెలిసిన ఒక పాప సాలీడంటే గది వదిలి పారిపోయేది. చేతి మీద ఒక్కసారి నడిపించుకున్నాక దాని పాదాల మెత్తదనం గురించి వారం రోజులు మాట్లాడింది. ఇప్పుడు ఇంట్లో ఏ పురుగునీ చంపనివ్వదు. అది చిన్న సంగతి కాదు.

నా పద్ధతి ఇదీ. చెయ్యి పెట్టె లోపలే, మట్టికి రెండు మూడు వేళ్ళ ఎత్తులోనే ఉండాలి. కుబుసం విడిచే రోజులు దగ్గరపడితే అసలు ముట్టను. తిండి మానేసి, పొట్ట మీద నూగు రాలిన చోటు నల్లబడితే అదే గుర్తు. విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి ఎర్రబడి మళ్ళీ నల్లగా గట్టిపడేదాకా తిండి కూడా పెట్టను. ఇక ఆసియా, ఆఫ్రికా జాతుల జోలికి చేత్తో వెళ్ళనే వెళ్ళను. వాటికి దురద నూగు ఉండదు, బెదిరితే కరవడమే. వాటిలో చెట్ల మీద ఉండే పొసిలోథీరియా అనే రకం కరిస్తే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి.

నేలగూడు:
పెట్టె మార్చడానికి చెయ్యి ఎందుకండీ? ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద గట్టి అట్టముక్క జరిపితే సరిపోతుంది. ఇరవయ్యేళ్ళు దాటి బతికే ఆడ సాలీళ్ళున్నాయి. అన్నేళ్ళలో ఒక్క తలుపు చప్పుడు చాలు.

వెంట్రుకభాష:
మొదటి ప్రశ్నలో "గుర్తుపడుతోంది" అన్న మాట దగ్గరే ఆగుదాం. అసలు తేలాల్సింది అదే.

ఎనిమిది కళ్ళున్నా టరాంటులా చూపు అంతంతమాత్రం. దాని లోకమంతా వెంట్రుకల మీద నడుస్తుంది. గాలి కదలికనీ నేల అదురునీ వాటితోనే పసిగడుతుంది. పాదాలతోనే రుచి చూస్తుంది. మీ అరచెయ్యి దానికి వెచ్చగా, కాస్త ఉప్పగా ఉండే నేల. ఒకే తాకిడి పదేపదే తగిలి హాని జరగకపోతే పట్టించుకోవడం మానేస్తుంది. అది అలవాటు. మాలిమి వేరు.

కదలకుండా కూర్చోవడం కూడా ప్రశాంతతే అనుకోకండి. కాళ్ళు వదులుగా పరుచుకుని ఉన్నాయా, ముందు కాళ్ళు ముఖం మీదికి లాక్కుని ముడుచుకుని ఉందా చూడండి. రెండోది భయం. ఇంకో పని చేయండి. ఇంట్లో వేరే ఎవరి చేతినైనా మీలాగే అదే సమయానికి, అదే ఎత్తులో పెట్టించండి. వాళ్ళ దగ్గరికీ అలాగే వస్తే మీకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆ నూగు దురదగొండి నూగు లాంటిదే, పైగా ముళ్ళుంటాయి. కంట్లో పడితే గుచ్చుకుని లోపలికి పోతుంది, ఒక్కోసారి నెలల తరబడి మందు చుక్కలు వేసుకోవాలి. కళ్ళజోడు పెట్టుకోండి. పెట్టెలో చెయ్యి పెట్టాక కడుక్కోకుండా ముఖం తాకొద్దు.

ఎనిమిదడుగులు:
మా చెల్లి చేత పెట్టించాను. తన చెయ్యి ఎప్పుడూ ఆ పెట్టెలోకి పోలేదు. సాలీడు అచ్చం నా దగ్గరికి వచ్చినట్టే వచ్చింది, అంతే నెమ్మదిగా, అరచేతి మధ్యలో ఆగింది. ఈసారి కాళ్ళు గమనించాను. ముందు రెండూ ముఖం మీదికి మడిచి ఉన్నాయి. పాత ఫోటోలు తీసి చూశాను. నా చేతిలో ఉన్నప్పుడు కూడా ప్రతి ఫోటోలో అలాగే ఉంది. నేను దాన్ని ముద్దుగా కూర్చోవడం అనుకున్నాను.

చాలా బాధపడ్డాను, దాచుకోను. ఇక ఎక్కించుకోను. బదులుగా తవ్వుకోవడానికి మట్టి పోయాలనుకుంటున్నాను. ఎంత లోతు పోయాలి?

పాతకాపు:
మీ సాలీడు విషయంలో మీ నిర్ణయం సరైనదే. కాళ్ళ సంగతి నేను కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు, ఈ వారం నా వాటిని చూస్తాను. చెయ్యి పూర్తిగా మానేస్తానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను.

నేలగూడు:
లోతు కంటే ముందు పై నుంచి కొలవండి. మట్టికీ మూతకీ మధ్య ఎడం, చాచిన కాళ్ళ కొలతకి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. పెట్టె గోడ ఎక్కి జారినా దెబ్బ తగలదు. మిగతాదంతా మట్టితో నింపేయండి. కొంచెం తడిపి అదిమితే సొరంగం కూలదు. ఒక మూల వేలితో గుంట పెట్టి, దాని మీద బెరడు ముక్క వాల్చండి. మిగతాది అదే తవ్వుకుంటుంది.