రోజులు బాగోలేనప్పుడు ఇంట్లో బ్రెడ్ చేసుకోవడం పొదుపా, దుబారానా?

కొత్తకుండ:
అందరికీ నమస్కారం. మావారికి ఈ నెల నుంచి సగం జీతమే వస్తోంది. మూడు నెలలు పోయాక అదైనా ఉంటుందో లేదో తెలియదు. వంటంతా ఇంట్లోనే, కానీ బ్రెడ్ మాత్రం బయట కొంటాం. ఇంట్లో చేసుకుంటే ఖర్చు తగ్గుతుందని ఒకరు, ఓవెన్ కరెంటుతో తడిసి మోపెడవుతుందని ఇంకొకరు అంటున్నారు. పిల్లలకు తేడా తెలియకుండా ఇల్లు నడిపించాలన్నదే నా తాపత్రయం. చేసి చూసినవాళ్లు చెప్పండి.

రొట్టెముక్క:
తప్పకుండా మొదలుపెట్టండి. కావలసినవి నాలుగే: పిండి, నీళ్లు, ఉప్పు, పొంగించేది. 500 గ్రాముల పిండికి 350 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. పొంగించడానికి ఈస్ట్ బదులు నేను స్టార్టర్ వాడతాను. పిండీ నీళ్లూ కలిపి సీసాలో పెట్టి, రోజూ కాస్త తీసేసి కొత్త పిండి వేస్తూ ఉంటే వారం పది రోజుల్లో దానంతటదే పొంగడం మొదలుపెడుతుంది. 2020లో చాలా దేశాల్లో దుకాణాల్లో ఈస్ట్ దొరకలేదు గుర్తుందా? అప్పుడు స్టార్టర్ ఉన్నవాళ్లు ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. నాదీ అప్పుడు పెట్టిందే, ఇంకా బతికే ఉంది.

తూకంరాయి:
"రోజూ కాస్త తీసేసి" అని ఒక్క ముక్కలో దాటేశారు. ఆ తీసేసింది ఎక్కడికి పోతుందో చెప్పలేదు. చెత్తబుట్టలోకి. 50 గ్రాముల స్టార్టర్ ఉంచుకుని 50 పిండి, 50 నీళ్లు వేస్తే 150 అవుతుంది. మర్నాడు 100 తీసేస్తారు. అంటే రోజుకు 50 గ్రాముల పిండి, నెలకు కిలోన్నర. మీ లెక్క ప్రకారమే మూడు బ్రెడ్లు. జీతం సగమైన ఇంటికి ఇచ్చే సలహానా ఇది?

ఆవిరి:
మాదీ ఇదే పరిస్థితి. ఫాలో అవుతున్నా.

రొట్టెముక్క:
తూకంరాయి గారూ, స్టార్టర్‌ను నెలంతా బయట పెట్టి రోజూ కొత్త పిండి వేస్తూ ఉంటే మీ లెక్క కరెక్టే. అలా ఎవరు చేస్తారండీ? స్టార్టర్ కుదురుకున్నాక ఫ్రిజ్‌లో పెడితే వారానికోసారి చాలు. 10 గ్రాములు ఉంచి 20 పిండి, 20 నీళ్లు వేస్తాను. 50 అవుతుంది. అందులో 40 బ్రెడ్‌లోకి, 10 మళ్లీ సీసాలోకి. పారేసేది సున్నా. మొదటి పది రోజుల్లో తీసేసింది కూడా కొంచెం పిండి కలిపి పెనం మీద కాల్చుకోవచ్చు.

తూకంరాయి:
ఆ మొదటి పది రోజుల సంగతే నేనంటున్నది. పది రోజులు పిండి పెడుతూ, పొంగుతుందో లేదో తెలియకుండా ఎదురుచూడటం. సరే, పొంగింది. తర్వాత ఓవెన్. వేడెక్కడానికి అరగంట, కాలడానికి 45 నిమిషాలు, అంతా ఒక్క బ్రెడ్ కోసం. అదే మంట గిన్నె కింద పెడితే ఇంటిల్లిపాదికీ రెండు పూటల భోజనం.

రాళ్లుప్పు:
భోజనం అంటే గుర్తొచ్చింది. ఇలాంటప్పుడు ఎండు గింజలు తెచ్చుకోండి, బ్రెడ్ గొడవే ఉండదు. ఒక్క జాగ్రత్త. రాజ్మా లాంటివి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లడం మొదలయ్యాక కనీసం 10 నిమిషాలు అలాగే మరిగించాలి. సన్న సెగ మీద పెట్టే స్లో కుక్కర్‌లో పచ్చివి నేరుగా వేయకూడదు. వాటిలోని విషపదార్థం ఆ వేడికి పోదు సరికదా, పెరగొచ్చు. మా ఇంట్లో నలుగురం ఒక రాత్రంతా వాంతులతో పడ్డాం. అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

రొట్టెముక్క:
ఓవెన్ మాట నిజమే, అందుకే నేను ఒక్కటి ఎప్పుడూ పెట్టను. ఒకేసారి రెండు కాలుస్తాను. ఒకటి పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెడతాను. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, బయటకన్నా అక్కడే త్వరగా గట్టిపడుతుంది. ఫ్రీజర్‌లో అయితే ఏ రోజు ముక్క ఆ రోజు తీసి వేడి చేసుకోవచ్చు.

ఆవిరి:
స్టార్టర్ లేకుండా కుదరదా? నేను 500 గ్రాముల పిండికి పావు టీస్పూను ఎండు ఈస్ట్ వేసి రాత్రి కలిపి వదిలేస్తా. 12 గంటలు దాటేసరికి రెట్టింపవుతుంది. పిసకడం కూడా అక్కర్లేదు. తెరిచిన ఈస్ట్ ప్యాకెట్ గాలి చొరకుండా ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి పనిచేస్తోంది.

తూకంరాయి:
ఆవిరి గారి పద్ధతి నయం. పారేసేదేమీ లేదు. అయినా నా మాట వేరు. ముందేముందో తెలియనప్పుడు డబ్బాలో ఉన్న పిండిని చూసి చూసి వాడాలి. బ్రిటన్‌లో యుద్ధం జరిగినన్నాళ్లూ బ్రెడ్‌కు రేషన్ లేదు. యుద్ధం ముగిశాక, అందరూ గండం గడిచిందనుకున్నాక, 1946 జులైలో పెట్టారు. రెండేళ్లకు గానీ తీయలేదు. కష్టం మనం అనుకున్న రోజున రాదు, అనుకున్న రోజున పోదు. ప్రయోగాలకు ఇది సమయం కాదు. కష్టమంటే తెలియనివాళ్లే సీసాలో పిండి పెట్టి దానికి పేర్లు పెట్టుకుంటారు.

రొట్టెముక్క:
ఇందాకటి నుంచి ఓపికగా గ్రాముల్లో జవాబు చెబుతున్నాను. ఇప్పుడు కష్టం తెలియదంటున్నారు. వినండి. నా కాంట్రాక్టు రెన్యూ కాలేదు. ఆరు నెలలు. పొద్దున్నే లేచి మెయిల్ చూసుకోవడం, ఏమీ లేకపోవడం, మళ్లీ మధ్యాహ్నం చూడటం. ఫోన్ చేస్తామన్నవాళ్లు చేయలేదు. ఆ రోజుల్లో సీసాకు రబ్బరు బ్యాండు వేసి పెట్టేదాన్ని, పిండి ఎక్కడి నుంచి ఎక్కడికి పొంగిందో తెలియడానికి. నాలుగైదు గంటల్లో బ్యాండు దాటి పైకొచ్చేది. ఆ ఆరు నెలల్లో నేను అనుకున్న వేళకు జరిగింది అదొక్కటే. దానికి వారానికి 20 గ్రాముల పిండి ఖర్చయింది. అది దుబారా అని చెప్పే హక్కు మీకెవరిచ్చారు? నా వంటింట్లో ఏది అవసరమో తేల్చాల్సింది నేను.

రాళ్లుప్పు:
గొడవ వద్దండీ. ఆ అమ్మాయి అడిగింది ఒకటి, మీరు మాట్లాడేది ఒకటి.

తూకంరాయి:
మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే.

ఎందుకన్నానో చెబుతాను. నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్న ఉద్యోగం పోయింది. మూడు నెలలు మాకు చెప్పలేదు. రోజూ అదే వేళకు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవారు. మాకు అనుమానం రాకూడదని అమ్మ ప్రతి ఆదివారం కేకు చేసేది. అంతకుముందు ఎప్పుడూ అలా చేసింది కాదు. ఇల్లంతా ఆ వాసన. మేం సంబరపడిపోయాం. నాలుగో నెలలో ఒక రోజు అమ్మ పిండి డబ్బా బోర్లించి అడుగున చేత్తో తడుతోంది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. అప్పుడు తెలిసింది. ఆకలికన్నా ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, ఆ పన్నెండు ఆదివారాలూ నేను రెండో ముక్క, మూడో ముక్క అడిగాను. తెలిసుంటే అడిగేవాణ్ని కాదు.

రోజులు బాగోలేనప్పుడు ఇంట్లోంచి బేకింగ్ వాసన వస్తే నాకు ఇప్పటికీ అది ఏదో దాస్తున్న వాసనలాగే ఉంటుంది. పోయిన నెల మా అమ్మాయితో కూడా ఇలాగే మాట్లాడాను. తను స్టార్టర్ సీసా తీసేసింది. నాతో మాట్లాడటం లేదు.

రొట్టెముక్క:
తూకంరాయి గారూ, ఇది ముందే చెప్పి ఉంటే నేను గ్రాములు లెక్కపెట్టేదాన్ని కాదు.

కానీ నా మాట కూడా వినండి. నేను దేన్నీ దాచడానికి చేయలేదు. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత డబ్బుందో, ఎన్ని నెలలు వస్తుందో తెలిసి, ఆ లెక్కలోనే ఆ 20 గ్రాములు కూడా వేసుకుని చేశాం. మీ అమ్మగారు చేసిందీ నేను చేసిందీ ఒకటి కాదు. అలాగని ఆవిడను తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. ఆవిడ చేతిలో ఇంకేముంది అప్పుడు?

తూకంరాయి:
ఏమీ లేదు. అది నాకూ తెలుసు. చెప్పి ఉండాల్సింది, అంతే. కేకు చేసినా సరే, చెప్పి చేయాల్సింది.

రొట్టెముక్క:
అదైతే ఒప్పుకుంటాను. పొదుపు విషయంలో మాత్రం మీతో ఇప్పటికీ ఏకీభవించను.

కొత్తకుండ:
రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను, జవాబు రాయలేకపోయాను. తూకంరాయి గారి మెసేజ్ చదివాక నేను మొదట రాసింది మళ్లీ చూసుకున్నాను. "పిల్లలకు తేడా తెలియకుండా" అని రాశాను. మా పెద్దాడికి పన్నెండు. నిన్న రాత్రి వాడే అడిగాడు, నాన్న ఎందుకు మధ్యాహ్నాలు ఇంట్లో ఉంటున్నారని. పని తక్కువగా ఉందిలే అన్నాను. వాడు ఇంకేం అడగలేదు, కానీ రోజూ రెండు ముక్కలు తినేవాడు పొద్దున్న ఒకటే తిన్నాడు.

మావారితో మాట్లాడాను. ఆదివారం ఇద్దరం కలిసి చెబుదాం అన్నారు. ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. శనివారం రాత్రి ఆవిరి గారి పద్ధతిలో పిండి కలిపి పెడతాను, పొద్దున్న రెండు బ్రెడ్లు ఒకేసారి. స్టార్టర్ కూడా మొదలుపెట్టాలని ఉంది, తీసేసిందంతా పెనం మీద కాలుస్తాను. ఒక్క సందేహం. సీసాలో 10 గ్రాములే మిగిల్చానని ఎలా తెలుస్తుంది? మళ్లీ మళ్లీ వేరే గిన్నెలోకి తీసి తూచాలా?

తూకంరాయి:
అక్కర్లేదమ్మా. పిండి వేయకముందే ఖాళీ సీసాను మూత లేకుండా తూచి, ఆ బరువు ఒక టేపు ముక్క మీద రాసి సీసాకు అతికించండి. తర్వాత ఎప్పుడు తూచినా, వచ్చిన బరువులోంచి ఆ అంకె తీసేస్తే లోపలున్నది ఎంతో వస్తుంది. సీసా మరీ చిన్నది తీసుకోవద్దు, పొంగడానికి చోటుండాలి. మూత బిగించకండి, వదులుగా పెట్టండి.