సినిమా రాత్రి: డార్క్‌మ్యాన్ వేద్దామా వద్దా?

కావలి తమ్ముడు: నేను నెలాఖరు దాకా నెల్లూరులోనే ఉంటా, అందుకని నా ఓటు ఇప్పుడే వేసేస్తన్నా. ‘డార్క్‌మ్యాన్’, 1990. తీసింది శామ్ రైమీ, ఆ తర్వాత 2002లో ‘స్పైడర్‌మ్యాన్’ తీసినాయనే. పాత రేడియో హీరో ‘ది షాడో’ హక్కులు దొరక్కపోతే పోనీలే అని సొంత హీరోని పుట్టించుకున్నాడు. హీరో లియామ్ నీసన్. ఒళ్లంతా కాలిపోయిన సైంటిస్టు, కృత్రిమ చర్మంతో ఎవరి మొహమైనా తగిలించుకుంటాడు. వెలుగులో 99 నిమిషాలే. ఆ పైన బుడగలు కట్టి కరిగిపోద్ది.

ఒంగోలు బావ: జనం వచ్చేదే బిరియానీకి. పేరున్న సూపర్‌హీరో బొమ్మ వేసెయ్ రా. దీన్ని ఎవరు చూశారని? ప్రయోగాలు చెయ్యమాక.

కావలి తమ్ముడు: చూడలేదనే గదా బావా వెయ్యమనేది. నేనూ కాలేజీ రోజుల్లో వీసీడీలో చూసి బ్యాట్‌మ్యాన్‌కి నకలని తోసేశా. రెంటికీ సంగీతం డానీ ఎల్ఫ్‌మనే, అనుమానం ఊరికే రాలా. మొన్న రాత్రి ఇంట్లో మళ్లీ పెట్టా. తిరునాళ్ల సీనుంది చూడు, గులాబీ రంగు ఏనుగు బొమ్మ గెలుస్తాడు ప్రియురాలి కోసం. కొట్టువాడు ఇవ్వనంటాడు. అంతే, వాడి వేళ్లు వెనక్కి విరిచేసి, ఏనుగుని ఆ పిల్లకిచ్చి తీసుకోమని అరుస్తాడు. ఆమె బిత్తరపోయి చూస్తా ఉంటే ఈయన మొహం అప్పటికే పొంగతా ఉంటది. చిక్కుళ్లు ఈనెలు తీస్తన్న మా అమ్మ చెయ్యి ఆపి, “ఇంకేం చేసుకుంటదిలే ఆ పిల్ల ఈణ్ణి” అంది. విలన్‌ని కొట్టడం ఏ హీరోకైనా వచ్చు. వచ్చిన కోపం తనకే భయమేసే హీరోని నేను ఇందులోనే చూశా.

కోవూరు అక్క: బాగానే ఉంది గానీ అబ్బయ్యా, అది ఆర్ రేటింగ్, అంటే అమెరికాలో 17 ఏళ్లలోపు వాళ్లు పెద్దోళ్లు తోడుంటేనే చూడాల్సింది. విలన్ మనుషుల వేళ్లు కోసి పెట్టెలో దాచుకునే రకం. చిన్నబిడ్డల్ని పక్క గదిలో కూర్చోబెట్టాల. ఇంకోటి, టికెట్ పెట్టకపోయినా పదిమందికి చూపించాలంటే లైసెన్సు తీసుకోవాల. ఇంట్లో డిస్కు ఉంది గదాని తెచ్చి వెయ్యబాకండి.

కావలి తమ్ముడు: లైసెన్సు నాకొదిలెయ్యి అక్కా. పిల్లల గదిలో తెల్ల దుప్పటి కట్టి, అట్టముక్కలతో తోలుబొమ్మలాట ఆడిద్దాం. మన తోలుబొమ్మకి వెనక దీపం ఉంటేనే ప్రాణం, ఈయన మొహానికి అదే గండం.

ఒంగోలు బావ: నిడివెంత? హాలు పదికల్లా ఖాళీ చెయ్యాలి.

కావలి తమ్ముడు: 96 నిమిషాలు. ఆయన మొహం కరిగేలోపే బొమ్మ అయిపోద్ది. ఏడున్నరకి వేస్తే తొమ్మిదీ ఆరుకల్లా లేవొచ్చు. హెలికాప్టర్ సీనులో అతుకులు కనబడతాయి, ముందే చెప్తన్నా. నవ్వితే నవ్వండి.

కోవూరు అక్క: చేపల పులుసు మాత్రం బొమ్మ అయినాకే వడ్డిస్తా. చీకట్లో ముళ్లు గుచ్చుకుంటే నేను చూసుకోలేను.

ఒంగోలు బావ: సరే, కానీండి. మలైకాజా ఎన్ని కిలోలు తెస్తన్నావ్?

కావలి తమ్ముడు: నాలుగు. ఇంకో కిలో అంటే పెట్టె బరువు సరిపోక ఆవకాయ జాడీ తియ్యాలి, ఆ మాట మా అమ్మకి నువ్వే చెప్పు బావా.