గోష్ఠిగానం (అందరూ కలిసి పాడే పాట) వెనక కీబోర్డు కార్డులు వాయించొచ్చా?

కపిలతీర్థం: ఫాల్గుణ బహుళ ద్వాదశి, అన్నమయ్య వర్ధంతి దగ్గరపడేకొద్దీ తిరుపతి భజన మండళ్ళలో లేచే తగువే ఇది. కార్డులు పడితే పాట నిండుగా ఉంటుందని కొందరు, శ్రుతి చెడుతుందని కొందరు. ఇంతకీ ఈ కార్డులతో వచ్చే హార్మొనీ అంటే మన శ్రుతేనా, వేరే సంగతా?

తంబురాదారం: వేరే సంగతే. కార్డంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలకడం, పాటతోపాటు అవి మారిపోతుండడం. మనకు ఆధార స్వరం 'స' మారదు, దాని మీద రాగం నడుస్తుంది. హిందోళం రాగంలో రి, ప లేవు. తంబురాలో పంచమం (ప) తీగను కూడా మధ్యమానికి (మ) దించుకుంటాం. అక్కడ స-గ-ప కార్డు పడితే రాగంలో లేని పంచమం వచ్చి కూర్చుంటుంది. ఇక తోడి రాగంలో గాంధారం (గ) రి, మ ల మధ్య ఊగుతుంది. కీబోర్డు గాంధారమేమో మేకు కొట్టినట్టు ఒకేచోట.

ఐదున్నర: తోడి, హిందోళం చూపించి అన్నిటినీ కొట్టేస్తే ఎట్లన్నా? మోహన రాగంలో స-గ-ప మూడూ రాగంలోవే. ధ-స-గ వేసినా బయటికి పోదు. మధ్యమం మీద కార్డు వేస్తేనే దొంగ స్వరం దూరేది. ఇంకొకటి, అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల్లో సాహిత్యం, రాగం పేరు ఉండాయి గానీ స్వరాలు లేవు. ఈరోజు పాడతా ఉండే వరసలు చాలామటుకు 20వ శతాబ్దంలో కట్టినవే. వరస కొత్తదైనప్పుడు వెనక వాయిద్యం కొత్తదైతే ఏం మునిగింది?

తంబురాదారం: మోహనం ఒప్పుకుంటానక్కా. కానీ గాంధారం దగ్గర ఒక లెక్క ఉంది. ఒకటో శ్రుతి (కీబోర్డు మీద C) తంబురాలో మంద్ర షడ్జం, అంటే కింది స, 65.4 హెర్ట్జ్. ఆ తీగలోంచి దానంతటదే వినిపించే అంతర గాంధారం (మోహనంలో ఉండే గ) దానికి ఐదింతలు, అంటే 327. కీబోర్డుది 329.6. గొంతు తంబురాను పట్టుకుంటే రెండిటి మధ్య సెకనుకు రెండు మూడు అలలు లేస్తాయి. పంచమంలో తేడా అర హెర్ట్జ్ కూడా ఉండదు. కీబోర్డు తప్పదంటే స-ప మాత్రం నొక్కి పట్టండి, గాంధారం గొంతుకు వదిలేయండి. అసలా గాంధారం వినబడాలంటే గుర్రం (తంబురా తీగలు ఆనే చెక్క) మీద తీగ కింది నూలుదారం సరైన చోటికి జరగాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా తీగ మొద్దుగా టంగుమంటుంది. చోటు దొరికిందా, జుమ్మని విచ్చుకుంటుంది.

తొప్పి: మీ 327, 329 గొడవ మైకులో ఎవరికి వినబడుతుంది స్వామీ? గోష్ఠి చెడేది మనుషుల దగ్గర. మగవాళ్ళకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి సుఖం. ఆడవాళ్ళకు ఐదు, ఐదున్నర. మధ్యేమార్గమని మూడు పెడితే తారస్థాయిలో మగవాళ్ళు అరుస్తారు, మంద్రంలో ఆడవాళ్ళ గొంతు మాయం. ఒకటికి కట్టిన మృదంగాన్ని వార్లు బిగించి మూడుకు లాగితే నాదం చస్తుంది. నన్నడిగితే పల్లవి అందరూ పాడండి, పైకి ఎక్కే చరణం మగవాళ్ళు వదిలేయండి, కింద తిరిగేది ఆడవాళ్ళు వదిలేయండి. నోరు మూసుకోవడం కూడా గోష్ఠిలో భాగమే, ఇది మాత్రం ఎవరూ ఒప్పుకోరు!

కరక్కాయ: అన్నీ కలిసిపోతేనే హార్మొనీ అనుకుంటే చిక్కే. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. ముందు గుడ్డంతా కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తర్వాత బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి తీసిన కసిమితో నల్ల గీత. పాలు తక్కువైతే గీత పాకి పక్కకు పోతుంది. రంగులన్నిటి అడుగునా ఒకే కరక్కాయ, అయినా ఏ రంగు దాని గీత లోపలే. తంబురా చేసేదీ ఇదే కదా?

ఐదున్నర: పోలిక బాగుంది గానీ గుడ్డ మీద గీత కదలదు, రాగం కదుల్తుంది. సరేన్నా, తోడికి, హిందోళానికి కీబోర్డు మూసేస్తాం. మిగతా వాటికి స-ప. మోహనం చరణం చివర మాత్రం ధ-స-గ ఒక్కసారి వేస్తా.

తంబురాదారం: వేసుకోండక్కా. సౌండు తంబురా కంటే కింద పెట్టండి.

తొప్పి: శ్రుతి ఎంతో ఇంకా తేల్చలేదు మీరు.